ఊహించని రిజల్ట్ వచ్చిందంటే పేటెంట్ ఇచ్చేయాలా?

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కీ పంజాగుట్ట స్టేషన్‌కీ మధ్య దూరం ఒక్క స్టాపే. ఆ కాస్త దూరంలోనే సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులతో స్కిన్ క్లినిక్‌ల బోర్డులు పోటీ పడుతుంటాయి. ఏ మెడికల్ షాపులో అడిగినా నయాసినమైడ్ ఇంత శాతం, శాలిసిలిక్ యాసిడ్ ఇంత శాతం అంటూ అంకెలతో సహా సీరమ్‌లు తీసి కౌంటర్ మీద పెడతారు. మన హాస్టల్ అద్దాల ముందు కూడా అవే సీసాలు. ఒకప్పుడు క్రీమ్ అమ్మాలంటే సినిమా తార ఫొటో ఉంటే చాలు. ఇప్పుడు శాతం కావాలి, టెస్ట్ రిపోర్ట్ కావాలి, వీలైతే డబ్బా మీద ‘పేటెంటెడ్ ఫార్ములా’ అన్న ముక్క కూడా ఉండాలి.

ఆ ముక్క గురించే నా గొడవంతా. క్రీమ్‌లో వాడేవన్నీ పాత సరుకులే. కలపడం కూడా ఫార్మసీ చదివిన ఎవరికైనా తట్టే పనే. కానీ ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే ఎవరూ అనుకోనంత మంచి ఫలితం వచ్చింది. అప్పుడు ఆ కంపెనీకి 20 ఏళ్ల హక్కు ఇవ్వాలా, వద్దా? ఇదేదో లాయర్ల తలనొప్పి అని వదిలేయడానికి లేదు. ఆ హక్కు ఇస్తే ఆ 20 ఏళ్లూ అదే క్రీమ్‌ని ఇంకొకరు తక్కువ ధరకి చేసి అమ్మలేరు. ఇవ్వకపోతే, డబ్బు పోసి టెస్టులు చేసినవాడికి మిగిలేది రిపోర్ట్ కాగితాలే.

ముందు రూలేంటో చూద్దాం. పేటెంట్ కావాలంటే విషయం కొత్తదై ఉండాలి, పనికొచ్చేదై ఉండాలి, ఆ రంగంలో పనిచేసే మామూలు నిపుణుడికి ఇట్టే తట్టేది కాకూడదు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 2(1)(జెఎ)లో ఈ మూడోదాన్నే ‘ఇన్వెంటివ్ స్టెప్’ అన్నారు. అసలు తగాదాలన్నీ ఇక్కడే. కొత్తదా కాదా అన్నది పాత కాగితాలు వెతికితే తేలిపోతుంది. కానీ ‘ఇట్టే తట్టేదేనా’ అన్నదానికి కొలబద్ద ఎక్కడుంది? ఒకసారి జవాబు చూశాక ఏ లెక్కైనా సులువుగానే కనిపిస్తుంది కదా!

ఊహించని ఫలితానికి విలువ ఇక్కడే. వంటింటి లెక్కలో చెప్పుకుందాం. పప్పులో చింతపండు పులుసు పోస్తే పప్పు పుల్లబడుతుంది. ఇది నేను కనిపెట్టానని ఎవరైనా పేటెంట్ అడిగితే మన అమ్మమ్మలే వెళ్లి అభ్యంతరం పెడతారు. అదే పప్పూ అదే చింతపండూ ఒక ఫలానా పాళ్లలో కలిపితే నడి ఎండాకాలంలో ఫ్రిజ్ లేకుండా వారం రోజులు పాడవకుండా ఉందనుకోండి. కలపడం అందరికీ తెలిసిందే, కానీ ఇలా జరుగుతుందని ఎవరికీ తెలియదు. అందరూ ఆ పాళ్లలో కలపకుండా ఎందుకు ఊరుకున్నారంటే, కలిపితే ఇది వస్తుందని ఎవరూ అనుకోలేదు కనక. కాబట్టి అది ‘ఇట్టే తట్టేది’ కాకపోవచ్చు. వాదన ఇంతే. ఇందులో న్యాయం ఉంది.

ఈ వాదన కోర్టులో ఎంత దూరం నడుస్తుందో తెలుసుకోవాలంటే అమీర్‌పేట కంపెనీ కథే ఒకటుంది. డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కి చాలా ఏళ్లపాటు రిజిస్టర్డ్ ఆఫీస్ 7-1-27, అమీర్‌పేట. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ అప్పట్లో అమ్మిన ఓలంజపైన్ అనే మానసిక వ్యాధుల మందు పేటెంట్ చెల్లదని పోరాడిన జెనరిక్ కంపెనీల్లో మన డాక్టర్ రెడ్డీస్ ఒకటి. అది చర్మం మందు కాదు, కానీ ప్రశ్న మాత్రం అచ్చం ఇదే. ఓలంజపైన్‌ని పోలిన అణువులు పాత పేటెంట్లలో అప్పటికే ఉన్నాయి. ఒకదానికీ దీనికీ తేడా మిథైల్ బదులు ఇథైల్, అంతే. ఆర్గానిక్ కెమిస్ట్రీ లెక్కలో ఒక్క సీహెచ్2. అంత చిన్న మార్పు ఏ కెమిస్ట్‌కైనా తట్టేదే కదా అన్నది జెనరిక్ కంపెనీల వాదన.

లిల్లీ చూపించిన జవాబు కుక్కల మీద చేసిన పరీక్ష. ఆ ఇథైల్ అణువు ఇచ్చిన 8 కుక్కల్లో 4 కుక్కలకి కొలెస్ట్రాల్ బాగా పెరిగింది, ఓలంజపైన్ ఇస్తే పెరగలేదు. ఒక్క సీహెచ్2 తీసేస్తే ఇంత తేడా వస్తుందని ముందుగా ఎవరూ చెప్పలేరని కోర్టు ఒప్పుకుంది. 2005లో ఇండియానా జిల్లా కోర్టులోనూ, 2006 డిసెంబరులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టులోనూ లిల్లీయే గెలిచింది. జెనరిక్ ఓలంజపైన్ కోసం అమెరికా రోగులు 2011 దాకా ఆగాల్సి వచ్చింది. కుక్కల పరీక్ష ఒక్కటే గెలిపించిందని కాదు, వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఊహించని ఫలితానికి ఎంత బరువుంటుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, లిల్లీ పోల్చింది ఏదో పాత మందుతో కాదు, తన మందుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న అణువుతోనే. రెండోది కాస్త చేదు నిజం. మనుషుల్లో ఓలంజపైన్ వాడినప్పుడు బరువు, కొవ్వు పెరగడం ఇవాళ ఆ మందు లేబుల్ మీదే రాసి ఉండే హెచ్చరిక. అంటే కోర్టు ఒప్పుకున్న ‘ఆశ్చర్యం’ ఆ పక్క అణువుతో పోలికలో వచ్చింది. రోగికి అది ఇచ్చిన హామీ కాదు. పేటెంట్ దొరికినంత మాత్రాన డబ్బాలో ఉన్నది మంచిదని ఎవరూ సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

ఇప్పుడు అచ్చంగా చర్మం కేసుకే వద్దాం. మొటిమలకి వాడే అడాపలీన్ జెల్ గురించి వినే ఉంటారు. గాల్డెర్మా కంపెనీ దాన్ని 0.1 శాతంతో అమ్మేది. తర్వాత 0.3 శాతం జెల్ తెచ్చి, దాని మీద కొత్త పేటెంట్లు తీసుకుంది. టోల్మార్ అనే కంపెనీ జెనరిక్ తయారుచేస్తామంటే కేసైంది. చిక్కేంటంటే, పాత పేటెంట్లలోనే 0.01 నుంచి 1 శాతం దాకా అని రాసి ఉంది. 0.3 ఆ రెండిటి మధ్యే ఉంది. గాల్డెర్మా చెప్పింది ఇది: “మందు మూడింతలు చేస్తే మంట, ఎరుపు, పొట్టు రేగడం కూడా బాగా పెరుగుతాయని అందరూ అనుకునేవారు. టెస్ట్ చేస్తే 0.1 శాతాన్ని చర్మం ఎలా తట్టుకుందో 0.3 శాతాన్నీ అలాగే తట్టుకుంది. ఇది ఊహించని ఫలితం కాదా?”

కింది కోర్టు ఔనంది. 2013 డిసెంబరులో ఫెడరల్ సర్క్యూట్ మాత్రం 2-1 తేడాతో కాదంది. మెజారిటీ జడ్జీల లెక్క ఇది: వచ్చిన తేడా ‘ఎంత’ అన్నదాంట్లో ఉంది, ‘ఏమిటి’ అన్నదాంట్లో లేదు. దుష్ప్రభావాలు అనుకున్నదానికంటే తక్కువ వచ్చాయి, అంతే. పాత పేటెంట్ చెప్పిన హద్దుల మధ్య నుంచి ఒక అంకె ఏరుకున్నవాడు ఇంతకంటే పెద్ద కారణం చూపించాలి. జడ్జి పౌలిన్ న్యూమన్ దీన్ని ఒప్పుకోక వేరే తీర్పు రాశారు.

నిజం చెప్పాలంటే ఈ ‘ఎంత–ఏమిటి’ గీత నాకు పూర్తిగా నచ్చదు. మొటిమలున్నవాడికి మంట కాస్త తక్కువా ఎక్కువా అన్నది చిన్న విషయం కాదు. మండితే రెండో వారానికే ట్యూబ్ అలమరలోకి పోతుంది. ఒక్కోసారి ‘ఎంత’లో తేడాయే మనిషికి ‘ఏమిటి’లో తేడా అవుతుంది. అయినా ఈ కేసులో నేను మెజారిటీ వైపే. ఎందుకంటే 0.01 నుంచి 1 దాకా అన్న దారిని పాత పేటెంట్ అప్పటికే వేసి పెట్టింది. ఆ దారిలో ఒక మైలురాయి దగ్గర ఆగి, ‘ఇక్కడ నీడ బాగుంది’ అని చెప్పినందుకు ఆ మైలురాయిని 20 ఏళ్లు రాసివ్వలేం. పైగా ఆ పాత పేటెంట్ ద్వారా ఒకసారి హక్కు అనుభవించడం అయిపోయింది కూడా.

మరి పసుపు సంగతి? ఈ మాట రాగానే మన క్లాసులో ఎవరో ఒకరు “పసుపు పేటెంట్ కొట్టేశారు కదా” అంటారు. అది వేరే కథ, రెండూ కలిపేయకూడదు. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి, పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికా పేటెంట్ ఇచ్చింది. మన సీఎస్ఐఆర్ 32 పాత ఆధారాలు చూపించి సవాలు చేసింది. సంస్కృతం నుంచి ఉర్దూ దాకా, 1953 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్ వ్యాసం దాకా అందులో ఉన్నాయి. 1997లో పేటెంట్ రద్దయింది. అక్కడ పోయింది మొదటి మెట్టు దగ్గరే. విషయం కొత్తది కానప్పుడు టెస్ట్ రిజల్ట్ ఎంత గొప్పగా ఉన్నా లెక్కలోకి రాదు. మోకాలు గీరుకుపోతే మన అమ్మలు పసుపు అద్దారంటే అది మానుతుందని తెలిసే కదా! తెలిసిన పనికి కొత్తగా కొలతలు తీసినంత మాత్రాన అది కొత్త పని అయిపోదు. ఊహించని ఫలితం ‘ఇట్టే తట్టేదే కదా’ అన్న అభ్యంతరానికి మందు. ‘ఇది ఎప్పుడో ఉన్నదే కదా’ అన్నదానికి మందు లేదు.

మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. సెక్షన్ 3(ఇ) ప్రకారం పదార్థాలని ఊరికే కలిపి, వాటి గుణాలు పక్కపక్కన చేర్చినంత మాత్రాన అది ఆవిష్కరణ కాదు. సెక్షన్ 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానం, తెలిసిన మూలికల తెలిసిన గుణాల కలయిక కూడా కాదు. కలబంద, పసుపు, వేప, ఉసిరి కలిపి ఫేస్ క్రీమ్ అంటే ఈ రెండు గేట్లూ దాటాలి. 3(డి) మరో గేటు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ గ్లివెక్ కేసులో, మందు శరీరానికి 30 శాతం ఎక్కువ అందినంత మాత్రాన సరిపోదు, జబ్బు మీద పనితనం పెరిగినట్టు చూపాలంది. అంకె పెరగడం వేరు, పనిలో తేడా రావడం వేరు అన్న మాట అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఇక నా అభిప్రాయం. ఊహించని ఫలితం చూపినవాడికి పేటెంట్ దొరికే దారి ఉండాలి. కానీ ఈ నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పాకే.

ఒకటి, దేనితో పోల్చావు? ఉత్త బేస్ క్రీమ్‌తో పోల్చి గెలవడం సెకండ్ క్లాస్ పిల్లాడితో పరుగు పెట్టి గెలవడం లాంటిది. మార్కెట్‌లోనో పాత పేటెంట్‌లోనో నీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నదానితో పోల్చాలి.

రెండు, ఒక్కో సరుకూ విడిగా ఏం చేసింది? లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ‘అ’ ఒక్కటే వాడితే మచ్చ 10 శాతం తగ్గింది, ‘ఆ’ ఒక్కటే వాడితే 15 శాతం. రెండూ కలిపితే 25 వచ్చిందంటే కూడిక వచ్చినట్టే, ఆశ్చర్యం లేదు. 40 వచ్చిందంటే మాట్లాడుకోవాలి. అదీ కొలతలో ప్లస్ ఆర్ మైనస్ 20 లేనప్పుడే. ఆరుగురి మీద ఒక్కసారి చేసిన టెస్ట్‌లో 40 రావడం అదృష్టం కావచ్చు.

మూడు, ఎవరు ఏం ఊహించారు? ‘ఊహించనిది’ అన్న మాటకి అర్థం రావాలంటే ముందు ఊహ ఒకటి ఉండాలి. టెస్ట్ అయ్యాక కూర్చుని “అబ్బే, మేము ఇది అస్సలు అనుకోలేదండీ” అనడం సులువు. ఆ ఊహ పాత పేపర్లలోనో పాఠ్యపుస్తకాల్లోనో కనిపించాలి. టెస్ట్‌కి ముందే తేదీ వేసి ల్యాబ్ బుక్‌లో రాసుకుని ఉంటే ఇంకా మంచిది.

నాలుగు, అడుగుతున్నది టెస్ట్ చేసినంతేనా? 2 శాతం దగ్గర ఒక్క టెస్ట్ చేసి, 0.1 నుంచి 20 శాతం దాకా నాదే అంటే, ఒక్క గుంట తవ్వి నీళ్లు పడ్డాయని ఊరి పొలాలన్నీ రాయించుకోవడమే. ఆశ్చర్యం ఎంతమేర కనిపించిందో హక్కూ అంతమేరే ఉండాలి.

దీనికి ఎదురు వాదన బలమైనదే. ఇన్ని టెస్టులకి డబ్బు కావాలి. పెద్ద కంపెనీ ఖర్చు పెట్టుకోగలదు, మనలాంటి కాలేజీ నుంచో చిన్న స్టార్టప్ నుంచో వచ్చినవాళ్లు పెట్టుకోలేరు. రూలు గట్టిగా పెడితే పెద్దవాళ్లకే పేటెంట్లు మిగులుతాయి అంటారు. నిజమే, ఖర్చుంది. కానీ పైన చెప్పిన నాలుగింట్లో మూడోదానికి ఖర్చు ఒక పెన్ను. నాలుగోదానికి ఖర్చే లేదు, ఆశ తగ్గించుకోవడం తప్ప. మొదటి రెండిటికీ నిజంగానే డబ్బవుతుంది. కానీ రూలు వదులు చేస్తే లాభపడేది చిన్నవాళ్లు కాదు. ఎక్కువ అప్లికేషన్లు వేయగల స్తోమత ఎవరికుందో వాళ్లే చిన్నచిన్న అంకెల మీద పేటెంట్లు పేర్చి కంచె కట్టేస్తారు. ఆ కంచె బయట మిగిలేది మళ్లీ మనమే.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. పేటెంట్ ఆఫీస్‌లో ఎగ్జామినర్ ముందు కాగితాలుంటాయి, ల్యాబ్ ఉండదు. ఏ టెస్ట్ చేయాలో, దేనితో పోల్చాలో, ఏ గ్రాఫ్ పెట్టాలో, ఏది డ్రాయర్‌లో దాచాలో అన్నీ అప్లికేషన్ వేసినవాడి చేతిలోనే. పరీక్ష రాసేవాడే పేపర్ సెట్ చేసి, వాడే దిద్ది, మార్కులు కూడా వేసుకున్నట్టు. అలాంటప్పుడు ప్రశ్నలు గట్టిగా ఉండడం కక్ష సాధింపు కాదు, కనీస జాగ్రత్త. అందుకే మన చట్టంలో సెక్షన్ 25(1) నాకు బాగా నచ్చుతుంది. పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. కంపెనీయే కానక్కర్లేదు, బీటెక్ చదివేవాడు కూడా పాత పేపర్ ఒకటి పట్టుకుని “ఇది ఊహించనిది ఎలా అయింది?” అని అడగొచ్చు.

ఇదంతా మనకెందుకు అంటే, పేటెంట్ ఇప్పుడు కాలేజీల్లో కూడా ఒక స్కోరు. ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పబ్లిష్ అయిన పేటెంట్లు, గ్రాంట్ అయిన పేటెంట్లు లెక్కేస్తారు. 2021 నుంచి విద్యాసంస్థలకి ఫీజులో 80 శాతం తగ్గింపు కూడా ఉంది. మంచిదే. కానీ ‘పబ్లిష్డ్’ అంటే అప్లికేషన్ జర్నల్‌లో అచ్చయిందని మాత్రమే. దాన్ని ఇంకా ఎవరూ పరీక్షించలేదు. వాట్సాప్ గ్రూప్‌లో “మన పేటెంట్ వచ్చింది” అని పెట్టే ఫొటోల్లో చాలావాటికి అర్థం “మన అప్లికేషన్ అందింది” అనే. మూలికల క్రీమ్, సబ్బు, ఫేస్ ప్యాక్ ప్రాజెక్టులు కెమికల్, బయోటెక్ బ్రాంచీల్లో ఏటా ఉంటాయి. వాటిలో నిజంగా ఆశ్చర్యమైన రిజల్ట్ ఒకటి వచ్చినా, పక్కన పోలిక లేకపోతే, విడివిడి టెస్టులు లేకపోతే, 3(ఇ) దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగిపోతే తప్పు ఎగ్జామినర్‌ది కాదు.

కాబట్టి ఈసారి ప్రాజెక్ట్ మొదలుపెట్టే బ్యాచ్ చేయాల్సిన పని చిన్నదే. మొదటి శాంపిల్ కలపకముందే ఒక పేజీలో రాయండి: మేం ఏం వస్తుందనుకుంటున్నాం, ఎందుకనుకుంటున్నాం, దేనితో పోల్చబోతున్నాం. తేదీ వేయండి, గైడ్ గారి సంతకం పెట్టించండి. నాలుగు నెలల తర్వాత వచ్చిన అంకె ఆ పేజీతో సరిపోతే మీకు మంచి ప్రాజెక్ట్ రిపోర్ట్ ఉన్నట్టు. సరిపోకుండా, మళ్లీ మళ్లీ చేసినా అదే అంకె వస్తుంటే, అప్పుడు పేటెంట్ గురించి మాట్లాడదాం. ఆ పేజీ లేకుండా వచ్చి “ఊహించని ఫలితం సార్” అంటే, మనమేం ఊహించామో మనకే తెలియదని ఒప్పుకున్నట్టే కదా!